నింఫాలిడే సీతాకోకచిలుకలు: నాలుగు కాళ్ల కుటుంబం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైతే చాలు, ఈ సందేహాలన్నీ మళ్లీ వస్తాయి. "దీనికి నాలుగు కాళ్లేంటి?", "ఆముదం ఆకు తినేస్తోంది, మందు కొట్టాలా?", "ప్యూపా కింద పడింది, బతుకుతుందా?" అని. అందుకే అన్నిటినీ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే అది తీసి చదువుకోవచ్చు, వరసగా చదవనక్కర్లేదు.

## చూసి గుర్తుపట్టేటప్పుడు

సీతాకోకచిలుకకు ఆరు కాళ్లు కదా, దీనికి నాలుగే కనిపిస్తున్నాయి. విరిగిపోయాయా?

విరగలేదు. నింఫాలిడే కుటుంబంలో ముందు జత కాళ్లు బాగా కురచబడి, తల కింద రొమ్ముకు అతుక్కున్నట్టు ముడుచుకుని ఉంటాయి. నిలబడటానికీ నడవటానికీ మిగతా నాలుగే. మగవాటి ముందు కాళ్ల మీద పొడవాటి వెంట్రుకలు కుచ్చులా ఉంటాయి. చూడటానికి రంగుల కుంచెలా ఉంటుంది కాబట్టే ఇంగ్లిషులో వీటిని బ్రష్ ఫుటెడ్ బటర్‌ఫ్లైస్ అంటారు. పక్కనుంచి తీసిన ఫోటోను పెద్దది చేసి చూస్తే, తలకూ మధ్య కాళ్లకూ నడుమ రెండు చిన్న వెంట్రుకల ముద్దలు కనిపిస్తాయి. ముందు కాళ్లు అవే.

నడవడానికి పనికిరాని కాళ్లు ఇంకెందుకు?

రుచి చూడటానికి. ముఖ్యంగా ఆడవాటికి. ఆడదాని ముందు కాలి చివర భాగానికి కణుపులు మిగిలే ఉంటాయి, వాటి మీద రసాయనాలను పసిగట్టే వెంట్రుకలుంటాయి. గుడ్డు పెట్టే ముందు ఆకు మీద వాలి, ఆ కురచ కాళ్లతో టపటపా తాళం వేసినట్టు కొడుతుంది. ఆకు పైపొర నుంచి వచ్చే రుచిని బట్టి అది తన పిల్లలు తినే మొక్కో కాదో తేల్చుకుంటుంది. మగదానికి ఆ పని లేదు, అందుకే దాని కణుపులు కలిసిపోయి ఒకే ముక్కగా మారాయి.

నాలుగు కాళ్లు కనిపిస్తే ఇదే కుటుంబమని రాసేసుకోవచ్చా?

చాలావరకు రాసుకోవచ్చు, రెండు చోట్ల తప్ప. మొదటిది రియోడినిడే కుటుంబం, అంటే జూడీలు. వాటిలోనూ మగవాటి ముందు కాళ్లు కురచే, ఆడవి మాత్రం ఆరు కాళ్ల మీద నడుస్తాయి. రెండోది ఈ కుటుంబంలోనే ఉన్న బీక్ సీతాకోకలు. వాటి మగవి నాలుగు కాళ్ల మీద నడుస్తాయి, ఆడవాటికి ఆరూ పనిచేస్తాయి. ముఖం ముందుకు ముక్కులా పొడుచుకొచ్చి ఉంటే అది బీక్. పసుపు, తెలుపు రంగుల పియరిడేలూ, తోకలున్న స్వాలోటెయిల్‌లూ నిక్షేపంగా ఆరు కాళ్లతో నిలబడతాయి.

ఫోటోలో కాళ్లు పడలేదు. ఇంకేం చూడాలి?

చేతిలో పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే మీసాల అడుగు వైపు చూడండి. నింఫాలిడేలో మీసం పొడవునా మూడు గట్లు, వాటి మధ్య రెండు గాడులు ఉంటాయి. కుటుంబం మొత్తాన్నీ కలిపే లక్షణం ఇదే. ఫోటో ఒక్కటే ఉంటే రెక్కల అడుగుభాగం చూడండి. పైభాగం ఎంత మెరిసినా, ఉపకుటుంబాన్ని పట్టిచ్చేది అడుగు రంగే: ఎండుటాకు రంగు, అంచున వరస కళ్ల మచ్చలు, గీతలు. ఒక్క ఫోటోకే అవకాశం ఉంటే రెక్కలు ముడిచినప్పుడు పక్కనుంచి తీయండి.

ప్లెయిన్ టైగర్‌కీ డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదానికీ తేడా ఎలా?

అందరూ తప్పుపడేది ఇక్కడే. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుంటుంది. నారింజ రెక్కలు, నల్ల అంచు, ముందు రెక్క చివర తెల్ల పట్టీ, అన్నీ అవే. వెనుక రెక్క మధ్యలో చూడండి. ప్లెయిన్ టైగర్‌కు అక్కడ మూడు నల్లచుక్కలు (మగదానికి నాలుగు) గుత్తిగా ఉంటాయి. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే. ఇంకో గుర్తు రొమ్ము: ప్లెయిన్ టైగర్‌ది నల్లటి రొమ్ము, దాని మీద తెల్లచుక్కలు. ఎగ్‌ఫ్లైది గోధుమ రంగు, చుక్కలుండవు. జిల్లేడు పాలలోని విషం ఒంట్లో ఉండటం వల్ల పిట్టలు ప్లెయిన్ టైగర్ జోలికి రావు. ఎగ్‌ఫ్లైకి ఆ విషం లేదు, వేషమే రక్ష. దాని మగది మాత్రం నల్లగా, రెక్కకో పెద్ద తెల్లమచ్చతో, ఊదా మెరుపుతో వేరే జాతేమో అనిపించేలా ఉంటుంది.

ఒకే చోట వానాకాలంలో కళ్ల మచ్చలతో, ఎండాకాలంలో ఎండుటాకులా ఉంటోంది. రెండు జాతులా?

ఒకటే జాతి, రెండు ఋతురూపాలు. పీకాక్ పాన్సీ, కామన్ ఈవెనింగ్ బ్రౌన్, బుష్‌బ్రౌన్‌లలో ఇది బాగా కనిపిస్తుంది. వానాకాలంలో పుట్టినవాటికి అడుగుభాగం మీద కళ్ల మచ్చలు స్పష్టంగా ఉంటాయి. ఎండాకాలానివాటిలో అవి చుక్కలైపోతాయి లేదా పూర్తిగా మాయమవుతాయి, రెక్క అంచు కోసుగా మారి ఎండిన ఆకును పోలుతుంది. ఏ రూపం వస్తుందో గొంగళి పురుగు దశ చివర్లో ఉండే వేడి, తేమ చాలావరకు నిర్ణయిస్తాయి. పచ్చదనం ఉన్నప్పుడు బెదిరించే కళ్లు, ఆకులు రాలి నేలంతా గోధుమరంగైనప్పుడు దాక్కునే రంగు. అందుకే ఫోటోతో పాటు నెల కూడా రాసిపెట్టుకోండి.

సాయంత్రం లైటు దగ్గరికి వచ్చే పెద్ద గోధుమ రంగుది మాత్ పురుగేనా?

చాలాసార్లు అది కామన్ ఈవెనింగ్ బ్రౌన్, సీతాకోకచిలుకే. పగలంతా ఎండుటాకుల్లో కదలకుండా ఉండి మసకవేళ ఎగురుతుంది, అప్పుడప్పుడు లైటుకు వస్తుంది. మీసం చివర చూడండి. కాస్త ఉబ్బి ఉంటే సీతాకోకచిలుక, ఈకలా గానీ దారంలా సన్నబడుతూ గానీ ఉంటే మాత్.

మగ, ఆడ తేడా తెలుసుకోవాలంటే పట్టుకోవాలా?

అక్కర్లేదు. ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్ మగవాటికి వెనుక రెక్క మీద ఒక సువాసన సంచి ఉంటుంది, చుక్కల లెక్కలో అదనంగా కనిపించేది అదే. కామన్ క్రో మగదాని ముందు రెక్క పైన ఒక చార, డబుల్ బ్రాండెడ్ క్రోకు రెండు. గ్రేట్ ఎగ్‌ఫ్లై మగది నల్లటి రెక్కల మీద నీలి అంచున్న తెల్లమచ్చలతో ఉంటే, ఆడది కామన్ క్రోను పోలి గోధుమరంగులో ఉంటుంది. పాన్సీలలో మాత్రం తేడా అంత తేలిగ్గా దొరకదు, ఫోటో చూసి పందెం కట్టకండి.

## వర్గీకరణ గురించి

ఈ కుటుంబంలో ఎన్ని జాతులు? మన వైపు ఏ ఉపకుటుంబాలు దొరుకుతాయి?

ప్రపంచం మొత్తం మీద దాదాపు 6,000 జాతులు. సీతాకోకచిలుక కుటుంబాలన్నిటిలో ఇదే పెద్దది. మన దేశంలో 500కు పైగా ఉన్నాయి. ఇప్పుడు దీన్ని 12 ఉపకుటుంబాలుగా చూస్తున్నారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఊళ్లలో, పొలం గట్ల మీద, తూర్పు కనుమల్లో తరచుగా ఎదురయ్యేవి ఇవి:

- డానైనే: టైగర్‌లు, క్రోలు. నిదానంగా ఎగురుతాయి, తోలు గట్టి, ఒంట్లో విషం.
- సాటిరినే: బ్రౌన్‌లు, రింగ్‌లు, పామ్‌ఫ్లై. పురుగులు గడ్డి, వెదురు, తాటి జాతి ఆకులు తింటాయి. చాలా జాతుల్లో ముందు రెక్క మొదట్లో ఈనెలు ఉబ్బి ఉంటాయి.
- నింఫాలినే: పాన్సీలు, ఎగ్‌ఫ్లైలు, పెయింటెడ్ లేడీ.
- బిబ్లిడినే: కాస్టర్‌లు, జోకర్.
- హెలికోనినే: టానీ కోస్టర్, కామన్ లెపర్డ్.
- లైమెనిటిడినే: బారన్‌లు, బారనెట్, సెయిలర్‌లు, కమాండర్. రెక్క కొట్టి జారుతూ ఎగిరేవి.
- కారాక్సినే: రాజాలు, నవాబ్‌లు. బలిసిన ఒళ్లు, బాణంలాంటి వేగం.

బీక్‌ల లిబిథైనే అరుదు. కాలినాగినేలో కాలినాగా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఒక్కటే, దాన్ని చూడాలంటే హిమాలయాల వైపు పోవాలి.

పాత పుస్తకాల్లో డానైడే, సాటిరిడే, అక్రైడే వేరే కుటుంబాలుగా ఉన్నాయి. ఏది సరి?

ఇప్పుడు అవన్నీ నింఫాలిడేలోని భాగాలే. రంగు, ఎగిరే తీరు, పురుగు రూపం వేరుగా ఉన్నాయని చాలాకాలం వేరే కుటుంబాలుగా రాశారు. కానీ ముందు కాళ్లూ మీసం గాడులూ అన్నిట్లోనూ ఒకటే. 2009లో శాస్త్రవేత్త నిక్లాస్ వాల్‌బెర్గ్ బృందం దాదాపు 400 ప్రజాతుల జన్యువులను పోల్చి, ఇవన్నీ సుమారు 9 కోట్ల ఏళ్ల నాటి ఒకే మూలం నుంచి చీలాయని చూపింది. అక్రైడే ఇంకా కిందికి దిగి హెలికోనినేలో ఒక తెగ అయింది. దక్షిణ అమెరికా నీలి మార్ఫోలు కూడా ఇప్పుడు సాటిరినేలోనే. పాత పుస్తకంలోని జాతి వర్ణన, మొక్కల జాబితా అలాగే పనికొస్తాయి, కుటుంబం పేరు మాత్రం మార్చుకుని చదవండి.

కుటుంబం పేరులోని 'నింఫ్' అన్న మాట ఇంకా పాతది. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో సీతాకోకచిలుకలన్నిటినీ పాపిలియో అనే ఒకే ప్రజాతిలో పెట్టి, లోపల గుంపులు చేశాడు. అందులో ఒక గుంపు నింఫాలెస్. దాన్ని మళ్లీ రెక్కల మీద కళ్లున్నవి, లేనివి అని విడదీశాడు. కళ్ల మచ్చలు ఋతువును బట్టి మారతాయని తెలిశాక ఆ విభజన నిలబడలేదు.

బ్లూ టైగర్ ప్రజాతి పేరు 'తిరుమల' అని చూశాం. నిజమేనా?

నిజమే. బ్లూ టైగర్ శాస్త్రీయ నామం తిరుమల లిమ్నియాసే, డార్క్ బ్లూ టైగర్‌ది తిరుమల సెప్టెంట్రియోనిస్. ఈ ప్రజాతి పేరు పెట్టింది బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త ఫ్రెడెరిక్ మూర్, 1880లో. దీనివల్ల ఇవి శేషాచలానికే పరిమితమని అనుకోవద్దు, దేశమంతటా ఉన్నాయి.

తెలుగు పేర్లు లేవా? అన్నీ టైగర్, బారన్ అనే పిలవాలా?

గడ్డిపోచకు కూడా పేరు పెట్టిన భాష మనది, సీతాకోకచిలుకలకు మాత్రం జాతి వారీగా వాడుక పేర్లు స్థిరపడలేదు. ఈ ఇంగ్లిషు పేర్లలో కమాండర్, సార్జెంట్, నవాబ్, రాజా లాంటివి బ్రిటిష్ పాలన నాటి హోదాల వాసన కొడతాయి. రాసేటప్పుడు ఇంగ్లిషు వాడుక పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా పెట్టండి. సొంతంగా అనువదించిన పేర్లు ఎదుటివాళ్లకు అర్థం కావు, వెతికితే దొరకవు.

## గుడ్డు, పురుగు దశ

ఏ మొక్క మీద ఏది గుడ్లు పెడుతుంది?

మొక్క తెలిస్తే సగం గుర్తింపు అయిపోయినట్టే. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్. గన్నేరు, మర్రి, సుగంధిపాల మీద కామన్ క్రో. ఆముదం మీద కామన్ కాస్టర్. మామిడి, జీడిమామిడి మీద కామన్ బారన్. మామిడికి పట్టిన బదనిక మీద గాడీ బారన్. తడి గుంటల దగ్గరి నీరుగొబ్బి మీద పీకాక్ పాన్సీ, లెమన్ పాన్సీ. ముళ్లగోరింట మీద లెమన్ పాన్సీ, ఎల్లో పాన్సీ. పావిలికూర మీద ఎగ్‌ఫ్లైలు రెండూ. కానరేగు మీద కామన్ లెపర్డ్. బీడీ ఆకు కోసే తునికి మీద బారనెట్. చింత మీద బ్లాక్ రాజా. కదంబం మీద కమాండర్. కొబ్బరి, ఈత మీద పామ్‌ఫ్లై. వరి, గడ్డి మీద ఈవెనింగ్ బ్రౌన్. కంపల మీద పాకే జుమికి తీగ మీద టానీ కోస్టర్. ఆ తీగ అమెరికా ఖండం నుంచి వచ్చి మన గట్లెక్కింది, ఈ సీతాకోక దాన్ని తిండిగా చేసుకుంది. టానీ కోస్టర్ తూర్పుగా వ్యాపిస్తూ 2012కల్లా ఆస్ట్రేలియా చేరింది.

గుడ్డు నల్లబడింది. పిల్ల బయటికొస్తుందా?

పై కొన దగ్గర మాత్రమే నల్లచుక్క కనిపిస్తే అది లోపలి పురుగు తల, ఒక రోజులో బయటికొస్తుంది. గుడ్డంతా ఒకే తీరుగా నల్లబడితే లోపల పరాన్న కందిరీగ పెరుగుతోంది. మామూలుగా 3 నుంచి 5 రోజుల్లో పగలాలి.

ఆముదం ఆకులు తినేస్తోంది, మందు కొట్టాలా?

ముందు పురుగు ఏదో చూడండి. ఒంటినిండా కొమ్మలు చీలిన ముళ్లుండి, ఆకుపచ్చ లేదా గోధుమ చారలతో, మామూలుగా పాకుతుంటే అది కామన్ కాస్టర్. పెరట్లో రెండు మూడు మొక్కలుంటే దాని వల్ల నష్టమేమీ లేదు. ముళ్లు లేకుండా నున్నగా ఉండి, నడుము విల్లులా వంచి జానలు వేస్తూ నడిస్తే అది దాసరి పురుగు, అంటే మాత్ జాతి. పొలాల్లో ఆకును ఈనెలు మిగిల్చి తినేసేది అదే. రెండింటినీ ఒకే గాటన కట్టి మందు కొడితే పొలానికి లాభమేం ఉండదు, కాస్టర్‌లు మాత్రం చస్తాయి.

కరివేపాకు మీద పచ్చ పురుగు ఈ కుటుంబమేనా?

కాదు. అది స్వాలోటెయిల్‌ల పురుగు, ఎక్కువగా కామన్ మార్మన్. తల వెనుక తాకితే ఎర్రటి నాలుక లాంటి కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. నింఫాలిడే పురుగుల్లో ఆ అవయవం లేదు.

ముళ్లు చూస్తే భయమేస్తోంది. తాకితే దురద పుడుతుందా?

మన వైపు పాన్సీ, ఎగ్‌ఫ్లై, కాస్టర్, కోస్టర్ పురుగుల ముళ్లు గుచ్చుకోవు, విషం లేదు. ఒళ్లు దద్దుర్లెక్కించేవి వెంట్రుకలు కుచ్చులుగా ఉండే మాత్ జాతుల గొంగళి పురుగులు. తేడా ఇలా పట్టుకోండి: పాన్సీ ముల్లు దళసరిగా ఉంటుంది, ఒక్కో ముల్లు నుంచి చిన్న కొమ్మలు చీలుతాయి. దద్దుర్ల పురుగుకు సన్నని నూగు దట్టంగా ఉంటుంది. ఏదో తేలకపోతే చేత్తో కాకుండా చిన్న కుంచెతో ఎత్తండి.

జిల్లేడు మీద చారల పురుగుకు కొమ్ములెన్ని? క్రో పురుగుతో పొరబడుతున్నాం.

కొమ్ముల్లా కనిపించేవి మెత్తని తీగలు. ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్‌లకు మూడు జతలు, కామన్ క్రోకు నాలుగు, బ్లూ టైగర్‌కు రెండు. ఇవి తినే ముందు ఆకు ఈనెను కొరికి పాలు కారిపోనిస్తాయి, ఆ తర్వాత గానీ అవతలి భాగం తినవు. జిల్లేడు పాలు కంటిలో పడితే కార్నియా దెబ్బతింటుంది. ఆకులు తెంపాక సబ్బుతో చేతులు కడగకుండా కళ్లు నలపకండి. పిల్లలతో ఈ పని చేయించకండి.

మామిడాకు మీద ఈకల్లాంటి ముళ్ల పురుగు ఉంటుందన్నారు, ఎంత చూసినా కనబడలేదు.

కామన్ బారన్ పురుగు ఆకు మధ్య ఈనె వెంబడి పొడవుగా పడుకుంటుంది. వీపు మీది పసుపు చార సరిగ్గా ఈనె మీద ఈనెలా కలిసిపోతుంది, పక్కలకు చాచిన పచ్చటి ఈకల ముళ్లు నీడ పడకుండా ఆకుకు అతుక్కుంటాయి. అంచు కొరికి ఉన్న ముదురాకులను చేతికి అందే ఎత్తులో వెతకండి, ఆకును వాలుగా పట్టి వెలుగు పక్కనుంచి పడేలా చూడండి.

ఇంట్లో పెంచాలంటే ఏం కావాలి?

మూతకు సన్నని వల బిగించిన ఒక లీటరు పారదర్శక డబ్బా, అడుగున టిష్యూ కాగితం. పెద్ద పురుగులైతే డబ్బాకు రెండు, మూడు మించకూడదు. రోజూ రెట్ట తీసి కాగితం మార్చాలి. ఆకు వాడిపోకుండా కాడను చిన్న సీసాలో నీళ్లలో పెట్టి, సీసా మూతిని దూదితో బిగించండి. దూది పెట్టకపోతే పురుగు కాడ వెంబడే దిగి నీళ్లలో మునుగుతుంది. డబ్బా గోడల మీద నీటి చుక్కలు కనబడితే గాలి చాలట్లేదని అర్థం.

ఆకు ఎక్కడిదన్నది అన్నిటికన్నా ముఖ్యం. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన గన్నేరుకు మొక్కంతా పాకే మందు వేసి ఉండొచ్చు. ఆకును ఎంత కడిగినా అది పోదు, పురుగు మెలికలు తిరిగి పచ్చరసం కక్కి చస్తుంది. నెలల తరబడి మందు పడని మొక్క నుంచే కోయండి. వేరే జాతి ఆకు అలవాటు చేద్దామని ప్రయత్నించకండి, ఆకలితో చస్తుంది గానీ తినదు.

పురుగు నల్లబడి తలకిందులుగా వేలాడి, ముట్టుకుంటే నీరు కారింది. ఎందుకు?

అది వైరస్ రోగం. కిక్కిరిసిన, తడిసిన డబ్బాల్లో త్వరగా పాకుతుంది. దాన్నీ ఆ ఆకులనూ సంచిలో కట్టి పారేయండి, డబ్బాను బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి, మిగిలినవాటిని ఒక్కోదాన్ని వేరు చేయండి. తోలు విడిచే ముందు పురుగు ఒక రోజు కదలదు, తినదు. దాన్ని రోగమనుకుని కెలక్కండి.

## ప్యూపా దశ

ప్యూపా తలకిందులుగా వేలాడుతోంది. ఇలాగే ఉండాలా?

ఇలాగే ఉండాలి. నింఫాలిడే ప్యూపా తోక కొనలోని కొక్కేలతో పట్టు మెత్త మీద వేలాడుతుంది, నడుముకు దారం ఉండదు. స్వాలోటెయిల్, పియరిడే ప్యూపాలకు నడుము చుట్టూ దారం ఉంటుంది, అవి తల పైకి పెట్టి ఆనుకుంటాయి. ప్యూపా అయ్యే ముందు పురుగు తిండి మాని, తిరిగి తిరిగి, వంకీలా వంగి 12 నుంచి 24 గంటలు వేలాడుతుంది. ఆ సమయంలో డబ్బా కదపకండి.

ప్యూపా కింద పడిపోయింది. బతికించొచ్చా?

తోలు పగిలి రసం కారకపోతే బతుకుతుంది. తోక కొనకు పట్టు ముక్క అంటుకుని ఉంటే ఆ పట్టుకు దారం కట్టి వేలాడదీయండి, ప్యూపాకు కట్టొద్దు. పట్టు లేకపోతే గరుకు కాగితం పరిచి, నిలువు వల గోడ పక్కన పడుకోబెట్టండి. బయటికొచ్చిన సీతాకోక వెంటనే ఎక్కి వేలాడటానికి ఆ వల కావాలి. అప్పుడే తయారైన ప్యూపా మెత్తగా ఉంటుంది, ఒక రోజు గట్టిపడనిచ్చి ముట్టుకోండి.

క్రో ప్యూపా అద్దంలా మెరుస్తోంది. బంగారు పూతా?

పూత కాదు, రంగు పదార్థమూ కాదు. తోలులో సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండి వెలుగును వెనక్కి కొడతాయి. ఎండిపోతే మెరుపు పోతుంది, ఖాళీ ప్యూపా తోలు అందుకే వెలవెలబోతుంది. ప్లెయిన్ టైగర్ ప్యూపా ఆకుల మధ్య పచ్చగా, ప్లాస్టిక్ డబ్బా మీదో ఎండుపుల్ల మీదో లేత గులాబీగా ఉంటుంది. రెండూ ఆరోగ్యమే.

ఎన్ని రోజులు చూడాలి? చచ్చిందని ఎప్పుడు తేల్చుకోవాలి?

మన వేడిలో ప్లెయిన్ టైగర్‌కు 7 నుంచి 10 రోజులు. చలికాలంలో ఆలస్యమవుతుంది. చివరి రోజు తోలు పలచబడి లోపలి రెక్కల రంగు కనిపిస్తే మర్నాడు ఉదయం బయటికొస్తుంది. రెక్కల నమూనా లేకుండా మురికి గోధుమగా మారి, మెత్తబడితే పోయినట్టే. పక్కన చిన్న గుండ్రటి రంధ్రం కనిపిస్తే కందిరీగ బయటికెళ్లింది.

ప్యూపా నుంచి జిగట దారం వేలాడుతోంది, కింద గోధుమ గింజలాంటిది పడి ఉంది. ఏంటది?

టాకినిడ్ ఈగ. పురుగుగా ఉన్నప్పుడే ఆ ఈగ గుడ్డు పెట్టింది. దాని పిల్ల లోపల తిని, దారం మీదుగా కిందికి దిగి గింజలా గట్టిపడింది. ఇక చేయగలిగిందేమీ లేదు. బయట పెద్దవైన పురుగులను తెచ్చుకున్నప్పుడే ఇది ఎక్కువ. గుడ్డు గానీ అప్పుడే పుట్టిన పిల్లను గానీ తెచ్చుకుని వల లోపల పెంచితే తప్పించుకోవచ్చు.

బయటికొచ్చాక ఎర్రటి నీరు కారింది, రెక్కలు ముడతగా ఉన్నాయి. గాయమైందా?

ఎర్రటి నీరు రక్తం కాదు, ప్యూపా దశలో పోగైన వ్యర్థం. రెక్కలు మొదట ముడతగానే ఉంటాయి, ఒంటిలోని ద్రవాన్ని ఈనెల్లోకి తోసి పది, ఇరవై నిమిషాల్లో విప్పుకుంటుంది. ఆరడానికి ఇంకో గంట, రెండు గంటలు పడుతుంది. గంట దాటినా విప్పుకోకపోతే చాలాసార్లు చోటు చాలకపోవటమే కారణం. ప్యూపా కింద, పక్కల రెక్క పొడవుకు రెండింతల ఖాళీ ఉండాలి. ముడతలోనే గట్టిపడ్డ రెక్క మళ్లీ సరికాదు.

## ఎగిరే దశ

రాజా, నవాబ్, బారన్ పూల మీద వాలవు. ఎలా చూడాలి?

వాటికి పూల తేనె కన్నా పులిసిన పండు, చెట్టు బెరడు నుంచి కారే రసం, పేడ అంటే ఇష్టం. ఎర ఇలా తయారు చేయండి: బాగా మగ్గిన అరటిపళ్లు ఆరు, బెల్లం 100 గ్రాములు, తాటి కల్లు ఒక గ్లాసు. మెదిపి కుండలో వేసి గుడ్డ కట్టి రెండు రోజులు పులియనివ్వండి. పళ్లెంలో పోసి నడుము ఎత్తున, చెట్ల అంచు నీడలో వేలాడదీయండి. వేలాడే తాడుకు గ్రీజు రాయకపోతే గంటలో చీమలు పడతాయి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం వరకు దూరంగా ఉండి చూడండి, రాజాలు కదలికకు ఎగిరిపోతాయి.

ఎండిపోయిన జనుము, నాగదంతి మొక్కల మీద టైగర్‌లు, క్రోలు గుంపుగా ఎందుకు పడతాయి?

వాటిలో ఎక్కువ మగవి. ఆ మొక్కల్లో చేదు విషాలైన పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్‌లు ఉంటాయి. ఎండిన ఆకును, కాయను గీరి, తొండంతో తడిపి పీలుస్తాయి. దానితోనే ఆడవాటిని ఆకర్షించే సువాసన తయారవుతుంది. మగదాన్ని పట్టుకుంటే పొట్ట చివర నుంచి పసుపు కుచ్చులు విప్పుతుంది, ఆ సువాసన జల్లేది వాటితోనే. తోటలో ఎండిన జనుము కట్ట ఒకటి వేలాడదీస్తే వానాకాలం తర్వాత పని చేస్తుంది.

ఎన్నాళ్లు బతుకుతాయి?

పాన్సీల్లాంటివి రెండు, మూడు వారాలు. డానైనేలు ఇంకొంచెం ఎక్కువ. ఉత్తర అమెరికాలో మెక్సికో కొండలకు వలసపోయే తరం మోనార్క్ (ఇదీ డానైనేనే) మాత్రం ఎనిమిది నెలల దాకా బతుకుతుంది.

పెంచిన గ్రేట్ ఎగ్‌ఫ్లైలన్నీ ఆడవే అయ్యాయి. సాధ్యమేనా?

సాధ్యమే. వోల్బాకియా అనే బ్యాక్టీరియా తల్లి నుంచి గుడ్డుకు పాకి మగ పిల్లలను చంపేస్తుంది. సమోవా దీవుల్లో 2001లో ఈ జాతి మగవి నూటికి ఒకటి మాత్రమే ఉండేవి. 2006కల్లా అవి దాదాపు 40 శాతానికి చేరాయి, బ్యాక్టీరియాను అణచే జన్యువు అంత వేగంగా పాకింది. గుడ్లలో సగం పగలకుండా పోయి, పెరిగినవన్నీ ఆడవే అయితే అనుమానించొచ్చు. ఐదారు పురుగుల లెక్కతో మాత్రం తేల్చకండి, అన్నీ ఆడవి కావటం యాదృచ్ఛికమూ కావచ్చు.

ఎప్పుడు వదలాలి? పట్టి పిన్ను గుచ్చి దాచుకోవచ్చా?

రెక్కలు ఆరాక అదే రోజు, ఎండ ఉన్నప్పుడు, పురుగు దొరికిన చోటే వదలండి. వాన పడుతున్నా, పొద్దు గూకినా మర్నాటి దాకా వల డబ్బాలో చీకట్లో ఉంచండి, ఆ ఒక్క రాత్రి తిండి అక్కర్లేదు. పట్టి దాచుకోవడం, అమ్మడం విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఊళ్లో తరచుగా కనబడే డానాయిడ్ ఎగ్‌ఫ్లై చాలా ఏళ్లు ఆ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉండేది, కాబట్టి బోలెడు కనిపిస్తోంది కదా అన్న లెక్క చెల్లదు. షెడ్యూళ్లు 2022 సవరణతో మారాయి, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇప్పటి జాబితా చూసుకోండి. అభయారణ్యాలలో అయితే పురుగును తేవాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి.